రేవులో ఎదురొచ్చే మనిషి

మొన్న ఆదివారం ఆరాధన అయిపోయి చెప్పులు వేసుకుంటుంటే, మా సంఘంలో యౌవనస్తుల కూడిక చూసే తమ్ముడు వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. అక్టోబరులో ఎనిమిదిమంది నేపాల్ వెళ్తున్నారట, పది రోజుల సువార్త ప్రయాణం. "అన్నయ్యా, మీరు వెళ్లొచ్చారు కదా, అక్కడ కాంటాక్టులుంటే ఇవ్వండి. మేము కూడా ఫేస్‌బుక్‌లో వెతికి ఇరవైమంది పాస్టర్లకి మెసేజ్ పెట్టాం. పద్నాలుగు మంది ఒక్క రోజులోనే రిప్లై ఇచ్చారు. మిగతాది అక్కడికెళ్లాక చూసుకుంటాం" అంటూ ఫోను తీసి జాబితా చూపించాడు. పేర్లు, ఫోటోలు, ఒక్కొక్కరి పక్కన ఇంతమంది విశ్వాసులు, ఇంతమంది అనాథ పిల్లలు అని వాళ్లే రాసి పంపిన వివరాలు. కుర్రాడు మంచివాడు, ప్రార్థనాపరుడు, డిగ్రీ చదువుతూనే సందులో పిల్లల్ని పోగేసి ఆదివారపు బడి నడుపుతాడు. వాడి ఉత్సాహం మీద నీళ్లు చల్లడం నాకిష్టం లేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫోనులో అయితే సగం చెప్పి సగం మింగేస్తాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నరసాపురంలో పంటు ఎక్కి, వశిష్ఠ గోదావరి దాటి, సఖినేటిపల్లి రేవులో దిగితే మనకి ముందు ఎదురొచ్చేది ఆటోవాళ్లు. "ఎక్కడికండీ, రాజోలా, అంతర్వేదా" అని సంచీ కూడా అందుకుంటారు. అందులో తప్పేమీ లేదు, అది వాళ్ల బతుకుతెరువు. కానీ రేవులో సంచీ అందుకున్న మనిషిని చూసి కోనసీమ మొత్తం తెలిసిపోయిందని ఎవరూ అనుకోరు. సువార్త ప్రయాణాల్లో మాత్రం మనం అలాగే అనుకుంటున్నాం. కొత్త దేశంలో మనకోసం కాచుకుని ఉన్నవాడు ముందు దొరుకుతాడు. పనిలో మునిగి ఉన్నవాడు ఆలస్యంగా దొరుకుతాడు, ఒక్కోసారి అసలు దొరకడు. పది రోజుల్లో మొదటివాడి దగ్గరే ఆగిపోయి, ఫోటోలు దిగి, దేవుడు గొప్ప తలుపు తెరిచాడని సాక్ష్యం చెప్పుకుని వచ్చేస్తాం. ఇది ఊహించి రాయడం లేదు. ఈ వ్యవహారంలో రెండు వైపులా నేను నిలబడ్డాను.

నేను తర్జుమా చేసిన మాట

పదిహేనేళ్ల కిందట, డిగ్రీ అయిపోయి ఉద్యోగం లేక తిరుగుతున్న రోజుల్లో, మా వైపు విదేశాల నుంచి ఆరుగురు వచ్చారు. వాళ్లని పిలిపించినాయనకి ఇంగ్లీషు బాగా వచ్చు, ఈమెయిళ్లు చక్కగా రాస్తాడు. రాజమండ్రి స్టేషన్‌కి దండలు పట్టుకుని వెళ్లి తీసుకొచ్చాడు. నన్ను తర్జుమాకి పెట్టుకున్నాడు, రోజుకి ఐదొందలు. మూడో రోజు ఒక రేకుల షెడ్డుకి తీసుకెళ్లారు. ముప్ఫైమంది పిల్లలు, అందరికీ ఒకే రంగు చొక్కాలు. పాకెట్లోంచి అప్పుడే తీసినట్టు ఆ చొక్కాల మీద మడతలు అడ్డంగా, నిలువుగా అలాగే ఉన్నాయి. ఒకడి కాలరు కింద గుండుసూది కూడా తియ్యలేదు.

రెండో వరసలో ఉన్న ఒక పిల్లాడు నాకు తెలుసు. వాళ్ల నాన్న మా ఇంటి వెనక రొయ్యల చెరువు మీద కాపలా ఉండేవాడు. వచ్చినవాళ్లలో ఒకావిడ, మా అమ్మ వయసుంటుంది, ఆ పిల్లాడి ముందు మోకాళ్ల మీద కూర్చుని, మీ నాన్న ఎలా చనిపోయాడని అడగమంది. నేను ఆ మాట అడగలేక, "మీ నాన్న ఏడిరా" అన్నాను. వాడు నా ముఖం వింతగా చూసి, "చెరువు కాడున్నాడు కదా" అన్నాడు. నిన్న సాయంత్రం వాళ్ల నాన్నతో నేను మాట్లాడుతుంటే వాడు పక్కనే ఉన్నాడు మరి. పిలిపించినాయన నా వెనకే నిలబడి ఉన్నాడు. నేను ఆవిడ వైపు తిరిగి ఇంగ్లీషులో, "వాళ్ల నాన్నని తలుచుకుంటున్నాడండి" అన్నాను. ఆవిడ వాణ్ని దగ్గరికి తీసుకుని ఏడ్చింది. ఆ సాయంత్రం నా ఐదొందలు నేను తీసుకున్నాను. తర్వాత దేవుని దగ్గర ఒప్పుకున్నాను, ఆ పిల్లాడి తండ్రి దగ్గర కూడా ఒప్పుకున్నాను. ఆవిడకి చెప్పే దారి మాత్రం దొరకలేదు.

ఆ షెడ్డుకి అర కిలోమీటరు దూరంలో, కాలవగట్టు మీద ఒక మామ్మగారు ఉండేవారు. వయసులో ఉండగా మిషను దొరసానుల వెంట బైబిలు స్త్రీగా ఊరూరా తిరిగిన మనిషి. డెబ్భై దాటినా అరుగు మీద కూర్చుని లేసు అల్లుతూ, ఎవరింట్లో కోడలు అలిగింది, ఎవరి పిల్లకి నెలలు నిండాయి, ఎవడు తాగి భార్యని కొడుతున్నాడు అన్నీ తెలుసుకుని, చీకటిపడ్డాక టార్చిలైటు పట్టుకుని బయల్దేరేవారు. క్రైస్తవుల ఇళ్లకే అని లేదు. రాజుల వీధిలోనూ ఆవిడకి కుర్చీ వేసేవారు, మంచినీళ్లు ఇచ్చేవారు, మా ఊళ్లో అది చిన్న సంగతి కాదు. ఆ ఆరుగురూ పది రోజులున్నారు. కారు ఆ గట్టు మీదనుంచే రోజూ వెళ్లింది. ఒక్కరూ ఆవిడని చూడలేదు, ఎందుకంటే చూపించేవాడికి అవసరం లేదు, నాకు ధైర్యం లేదు. వాళ్లు వెళ్లిపోయాక మామ్మగారు నన్ను అడిగింది ఒక్కటే: "ఆ పెద్దావిడ బాగా నీరసంగా ఉందిరా, వేళకి తిన్నదా?"

పెళ్లి సంబంధానికైతే ఎంత విచారిస్తాం

మత్తయి 10వ అధ్యాయంలో ప్రభువు శిష్యుల్ని పంపుతూ, ఏ ఊళ్లో అడుగుపెట్టినా అక్కడ యోగ్యుడు ఎవరో విచారణ చేసి, వెళ్లేదాకా అతని ఇంట్లోనే ఉండమంటాడు. లూకా 10లో ఇంటింటికీ తిరగొద్దని కూడా ఉంది. చిన్నప్పటి నుంచీ వింటున్న వాక్యాలే. మన ప్రయాణాలు చూడండి, విచారణ లేదు, ఒక ఇంట్లో ఉండడం లేదు. పది రోజుల్లో పన్నెండు సంఘాలు, సంఘానికి ముప్పావు గంట.

విచారణంటే మనకి తెలియక కాదు. గోదావరి జిల్లాల్లో పెళ్లి సంబంధం వస్తే ఏం చేస్తాం? అబ్బాయివాళ్లు చెప్పింది విని ఊరుకుంటామా? వాళ్ల వీధి చివర కిరాణా కొట్టులో సోడా తాగుతూ కూర్చుంటాం. పాలు పోసే ఆయన్ని అడుగుతాం. పక్క ఊళ్లో వాళ్లకి వియ్యంకులెవరో కనుక్కుని అక్కడో మాట వేస్తాం. అప్పులున్నాయా, కోపిష్టా, తల్లితో ఎలా మాట్లాడతాడు, అన్నీ ఆరా తీస్తాం. ఒక్క పిల్లని ఇవ్వడానికి మూడు నెలలు ఇలా తిరిగే మనం, ఒక దేశంలో దేవుని పనిలో చెయ్యి కలపడానికి మాత్రం "ప్రెయిజ్ ద లార్డ్ బ్రదర్" అని రిప్లై వస్తే చాలనుకుంటున్నాం.

ఎవర్ని అడగాలో కూడా లేఖనంలోనే ఉంది. అధ్యక్షుడిగా ఉండేవాడికి సంఘం బయటివాళ్ల దగ్గర మంచి సాక్ష్యం ఉండాలని 1 తిమోతి 3:7 చెబుతోంది. బయటివాళ్లు అంటే టీ కొట్టాయన, ఆరెంపీ డాక్టరు, బడి పంతులు, ఇల్లు అద్దెకిచ్చినాయన. నేను చూసినంతలో మిషన్ ట్రిప్‌కి వెళ్లినవాళ్లెవరూ వీళ్లని అడగరు. విశ్వాసులు పరిచయం చేసిన విశ్వాసుల్నే కలుస్తారు, వాళ్లు మళ్లీ వాళ్లకి తెలిసినవాళ్లకే పరిచయం చేస్తారు. చివరికి అందరూ ఒకే వాట్సాప్ గ్రూపులోవాళ్లే అయి ఉంటారు.

ముందునుంచీ ఉన్నవాళ్లు

మన చరిత్ర కూడా మనం సగమే చెప్పుకుంటాం. 1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ అనే ఇంగ్లీషు మిషనరీతో పాటు బౌడెన్, బీర్ దంపతులు ఈ దేశం వచ్చి నరసాపురం వైపు పని మొదలుపెట్టిన సంగతి బ్రదరన్ సంఘాల ఇళ్లలో పిల్లలకి కూడా తెలుసు. కాకినాడ అనగానే కెనడా బాప్టిస్టు మిషను, 1874, మెక్లారిన్ దొర అని చెప్తారు. ఆ దొర రాకముందే అక్కడ తెలుగు సంఘాన్ని కూడగట్టినవాడు థామస్ గాబ్రియేలు. మన తెలుగువాడు, టెలిగ్రాఫు శాఖలో ఉద్యోగం వదులుకుని సేవకి దిగినవాడు. అప్పుల్లో పడి, ఒంటరిగా మొయ్యలేక, ఈ పని అందుకోండని కెనడావాళ్లని పిలిచింది ఆయనే. ఇప్పటి మాటలో చెప్పాలంటే ఆయన కెనడావాళ్ల 'లోకల్ కాంటాక్ట్'. నాకైతే ఆ మాట ఆయనకి పెట్టాలంటే మనసొప్పదు. పని ఆయనది, వాళ్లు వచ్చి కలిశారు.

నేపాల్ సంగతీ అంతే. 1951 దాకా రాణా వంశం పాలనలో ఆ దేశం బయటివాళ్లకి మూసి ఉంది. తెరుచుకున్న మరుసటి ఏడాదే, 1952లో, పొఖారాలో రామ్‌ఘాట్ సంఘం మొదలైంది. మొదలుపెట్టింది మన సరిహద్దు ఊళ్లలో ఉంటూ ఆ రోజు కోసం ప్రార్థిస్తూ వచ్చిన నేపాలీ విశ్వాసులే. అంటే మనం అడుగుపెట్టే చోట పని మనతో మొదలవ్వదు. మనకన్నా ముందు ఇక్కడ ఎవరు పనిచేస్తున్నారు అన్నది మొదటి ప్రశ్న కావాలి. మా తమ్ముడి జాబితాలో ఆ ప్రశ్న ఎవర్నీ అడగలేదు. మీటింగులు ఎన్ని పెట్టగలరు అని మాత్రం అందర్నీ అడిగారు.

హెటౌడాలో టీ కొట్టు

ఇన్ని తెలిసి కూడా, 2019లో మేము అయిదుగురం వెళ్లినప్పుడు నేను చేసింది అదే. రక్సౌల్ దాకా రైలు, అక్కడినుంచి బీర్‌గంజ్ దాటి కాఠ్మండూకి బస్సు. ఒక స్నేహితుడికి ఫేస్‌బుక్‌లో పరిచయమైన ఆయన్ని నమ్ముకుని వెళ్లాం. ఆయన మూడు సంఘాల్లో మీటింగులు పెట్టించాడు. మూడో మీటింగులో నాకు అనుమానం వచ్చింది. ఢాకా టోపీ పెట్టుకుని ముందు వరసలో కూర్చున్న ఒక తాతగారు మూడుచోట్లా ఉన్నారు. ఆయన పక్కన కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు కూడా. రాత్రి గదిలో ఎవరం మాట్లాడుకోలేదు. పట్టుకెళ్లిన కానుక అప్పటికే ఇచ్చేశాం.

తిరుగుప్రయాణంలో వానకి రోడ్డు దెబ్బతిని హెటౌడాలో ఆగిపోయాం. మర్నాడు శనివారం. నేపాల్లో వారం సెలవు శనివారం కాబట్టి ఆరాధన కూడా ఆ రోజే. పొద్దున్నే టీ కొట్టులో కూర్చుని, నుదుట తిలకం పెట్టుకున్న ఆ కొట్టావిడని నాకొచ్చిన హిందీలో, ఇక్కడ యేసుకి ప్రార్థన చేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని మామూలుగా అడిగాను. ఆవిడ పాలగిన్నె దించి, గరిటెతో సందు వైపు చూపించింది. "ఉందిగా దీదీ. నా కొడుక్కి టైఫాయిడ్ వచ్చినప్పుడు మూడు రాత్రులు ఇంటికి పోలేదు ఆవిడ" అంది. అంతే. కాఠ్మండూలో నాలుగు రోజుల్లో మాకు దొరకని సాక్ష్యం పది రూపాయల టీ దగ్గర దొరికింది.

దీదీ అంటే అక్క. ఆ దీదీ ఇల్లు ఒక వర్క్‌షాపు మీద పై గది. మేము వస్తున్నామని టీ కొట్టు కుర్రాడు ముందే పరిగెత్తి చెప్పాడు. ఆవిడ కిందకి దిగొచ్చి, అయిదుగురూ ఒకేసారి ఎక్కొద్దు, ఒక్కొక్కరే అయిదు నిమిషాలు ఆగి రండి, కింద ఇంటాయనకి భయం అంది. మెట్ల మీద చెప్పులు కూడా విడవనివ్వలేదు, చేత్తో పట్టుకుని పైకి తీసుకెళ్లాం. పదిహేనుమంది చాపల మీద కూర్చుని ఉన్నారు, మాదల్ డోలు వాయిస్తూ పాడుతున్నారు. "జయమసీహ్" అని పలకరించారు. మమ్మల్ని ప్రసంగం చెయ్యమనలేదు. ఆవిడే వాక్యం చదివింది, ఒక్కొక్కరి పేరూ తీసి ప్రార్థించింది, తర్వాత దాల్ భాత్ పెట్టింది. ఫోటో తీస్తామంటే వద్దని చెయ్యి అడ్డం పెట్టింది.

అప్పుడు అర్థమైంది మేము ఎంత తెలివితక్కువ పని చేస్తూ వచ్చామో. 2015 రాజ్యాంగం 26వ అధికరణం అక్కడ మతం మార్పించడాన్ని నిషేధించింది. 2018 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న శిక్షాస్మృతి 158వ సెక్షన్ ప్రకారం అయిదేళ్లదాకా జైలు, యాభై వేలదాకా జరిమానా. విదేశీయుడైతే శిక్ష అయ్యాక దేశం నుంచి పంపించేస్తారు. మనల్ని పంపించేస్తే ఇంటికి వస్తాం. మెట్లెక్కించిన ఆవిడ ఎక్కడికి పోతుంది?

కాదనేవాళ్లు చెప్పేది

ఈ సంగతులు చెప్తే మా పాస్టరు మిత్రుడొకాయన నన్ను గట్టిగా కోప్పడ్డాడు. "ఇంగ్లీషు వచ్చిన ప్రతివాణ్నీ దొంగని చేసేస్తున్నావు. నెలకి నాలుగు వేల కానుక కూడా రాని సంఘాలు ఎన్నో నీకు తెలుసా? పిల్లాడి ఫీజు కట్టాలి, బండికి పెట్రోలు పోయాలి. ఎవరో వస్తారని ఎదురుచూడడం పాపమా?" అన్నాడు. ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. ఆయన చెప్పింది నిజం. ఎదురుచూడడం పాపం కాదు. ఇంగ్లీషు రావడం దేవుడిచ్చిన వరమే. మా షెడ్డాయన కూడా మొదట్లో నిజంగానే నలుగురు పిల్లల్ని సాకినవాడు. నలుగురు పిల్లల ఫోటో పంపితే జవాబు రాలేదు, ముప్ఫైమంది అంటే వచ్చింది. ఆయన్ని అలా తయారుచేసింది ఆయన ఆశ ఒక్కటే అనలేను. తిరిగెళ్లి సంఘంలో చెప్పుకోడానికి వచ్చినవాళ్లకీ లెక్కలు కావాలి కదా.

ఇంకోటి కూడా నన్ను తికమక పెడుతుంది. విచారించమంటున్నాను గానీ, నేపాల్ లాంటి చోట పదిమందిని విచారిస్తే అదే ప్రమాదం. హెటౌడాలో నేను అలా బాహాటంగా అడగడం ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తుంది. ఆ టీ కొట్టావిడ మంచిది కాబట్టి సరిపోయింది. అందుకే అలాంటి చోట విచారణ ఇక్కడినుంచే, నెలల ముందు, ఆ దేశంలో ఏళ్లు గడిపి వచ్చినవాళ్ల ద్వారా జరగాలి. అది కుదరకపోతే ఆ ఏడాది ఆగాలి. వెళ్లాక వెతుక్కుందాం అన్న మాటతో మాత్రం నేను రాజీపడలేను.

మన దగ్గరికి వచ్చేవాళ్లకీ ఇది వర్తిస్తుంది. టూరిస్టు వీసా మీద వచ్చి స్టేజీ ఎక్కి ప్రసంగిస్తే అది నిబంధనలకి విరుద్ధం, దానికి వేరే వీసా ఉంది. ప్రేమతో చేతిలో డాలర్లు పెట్టి వెళ్లిపోతారు. విదేశీ విరాళాల చట్టం, 2020 సవరణ తర్వాత, రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ కూడా ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే తీసుకోవాలంటోంది, ఇంకో సంస్థకి బదిలీ చెయ్యడానికి వీల్లేదంటోంది. కేసయితే పోలీసు స్టేషన్ చుట్టూ తిరిగేది ఇక్కడివాడు. ఇక ఫోటోలు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులమని చెప్పుకుంటే ఎస్సీ హోదా ఉండదు. మా పేటల్లో ఎంతమంది ఏ భయంతో బతుకుతున్నారో, పేర్లతో సహా బాప్తిస్మం ఫోటోలు నెట్లో పెట్టేవాళ్లకి తెలియదు. ఆ కుటుంబంలో పిల్ల రేపు కులధ్రువీకరణ పత్రం కోసం ఎమ్మార్వో ఆఫీసుకి వెళ్తుంది.

పేటలంటే గుర్తొచ్చింది. బయటివాళ్లకి కనపడనిది ఇంకోటుంది. మాలపేటలో మనిషిని పట్టుకుంటే ఆయన మాదిగపేటకి తీసుకెళ్లడు, అటువాణ్ని పట్టుకుంటే ఇటు తీసుకురాడు, చాలాచోట్ల ఈ రోజుకీ అంతే. ప్రభువు బల్ల దగ్గర ఒకటే అంటాం. కానీ కారు ఏ మలుపు దగ్గర వెనక్కి తిరుగుతుందో నేను ముందు సీట్లో కూర్చుని చూశాను. వచ్చినవాళ్లు అది గమనించి, ఆ మలుపు అవతల ఎవరుంటారు అని ఒక్క ప్రశ్న వేసినా మాకు మేలు చేసినవాళ్లయ్యేవారు.

దీదీ పంపిన మాట

తమ్ముడికి దీదీ నంబరు ఇవ్వలేదు. ఆవిడని అడక్కుండా ఇవ్వడానికి అది నా సొత్తు కాదు. నేనే ఒక వాయిస్ మెసేజ్ పెట్టాను, మా పిల్లలు ఎనిమిదిమంది వద్దామనుకుంటున్నారు, మీకేమైనా ఇబ్బందా అని. నాలుగు రోజులు జవాబు లేదు. ఐదో రోజు రాత్రి వచ్చింది, వెనకాల ప్రెషర్ కుక్కర్ కూత వినపడుతోంది. ఇద్దరు రండి, మా ఇంట్లోనే ఉండండి అంది. అక్టోబరు వద్దు, వరికోతలు అయ్యేదాకా ఎవరూ ఇళ్ల దగ్గర ఉండరు. మీటింగులు వద్దు, కెమెరా వద్దు. వచ్చేవాళ్లలో ఒక ఆడపిల్ల ఉంటే మంచిది, ఇక్కడ ముగ్గురు పిల్లలు కుట్టుపని నేర్చుకుంటున్నారు, వాళ్లతో కూర్చుంటుంది అంది. చివర్లో, ఆ రోజు మాతో వచ్చిన ఒకాయనకి మోకాలు నొప్పి ఉండేది కదా, తగ్గిందా అని అడిగింది.

తమ్ముడు ఆ మెసేజ్ రెండుసార్లు విన్నాడు. "మరి మిగతా ఆరుగురు, అన్నయ్యా?" అన్నాడు. టికెట్లు ఇంకా బుక్ చెయ్యలేదు. ఈ శుక్రవారం ఉపవాస ప్రార్థన తర్వాత ఎనిమిదిమందీ కూర్చుని మాట్లాడుకుంటామన్నారు, నన్నూ రమ్మన్నారు.